దేముడమ్మక్క కడుపు

పోర్ట్‌బ్లెయిర్ ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర ఎవరినైనా ఆపి "ఇడ్లీ దీదీ ఎక్కడ కూర్చుంటుంది?" అని అడిగి చూడండి. టికెట్ల క్యూలో నిలబడ్డ బెంగాలీ ఆయనైనా, సామాను మోసే కూలీ అయినా, బోటు మీంచి తాళ్లు విసిరే ఖలాసీ అయినా చెయ్యెత్తి చూపిస్తాడు. గేటు పక్కన రేకు నీడలో రెండు స్టీలు క్యాన్లు, ఒక చట్నీ బకెట్టు, వాటి వెనక ఎత్తుపీట మీద దర్జాగా కూర్చున్న పొడుగాటి మనిషి. ఆవిడే మా దేముడమ్మక్క. నాకు తోటికోడలు.

తోటికోడలి గురించి చెప్పేటప్పుడు నాలుగు చెడ్డమాటలు లేకపోతే జనం నమ్మరు. సరే, ముందు అవి చెప్పేస్తాను. మహా మొండిది. ఇడ్లీపిండిలో నన్ను చెయ్యి పెట్టనివ్వదు. నా కూరలో ఉప్పు తక్కువైందని పదిమందిలో అనేస్తుంది. అయిపోయాయి. ఇక మిగిలిందంతా గర్వంగానే చెబుతాను, గొప్పలు పోతున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. నేను ఈ దీవుల్లో పుట్టినదాన్ని, చదివింది హిందీ బళ్లో, తెలుగు మాట్లాడినంత బాగా రాయలేను. మా ఆయన గోవిందు పక్కన కూర్చుని దిద్దాడు. తప్పులు దొరికితే తిట్లు ఆయనకే.

మా అత్తగారి పేరు తాతమ్మ. శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు పల్లె నుంచి మొగుడితో ఓడెక్కి వచ్చి, పోర్ట్‌బ్లెయిర్ నుంచి మళ్లీ ఓడలో వెళ్లాల్సిన హట్‌బేలో కాపురం పెట్టింది. ఇద్దరు కొడుకులు. పెద్దాయన అసిరయ్య, చిన్నాయన మా గోవిందు. మా ఆయనకి సముద్రమంటే వాంతులు, అందుకని పోర్ట్‌బ్లెయిర్ వచ్చేసి డాలీగంజ్‌లో సిమెంటు, ఇనుము కొట్టు పెట్టుకున్నాడు. బావ మాత్రం హట్‌బేలోనే ఉండిపోయి డుంగీ వేసుకుని వేటకి వెళ్లేవాడు. డుంగీ అంటే మా దగ్గర చిన్న వేటపడవ. అక్కకి పిల్లల్లేరు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆ మాట అత్త నోట ఎన్ని రకాలుగా వినాలో అన్ని రకాలుగానూ వింది. తిరిగి ఒక్కమాట అనలేదు. నేనైతే ఊరుకునేదాన్ని కాదు, అది వేరే సంగతి.

సునామీ వచ్చిన ఆదివారం పొద్దున బావ వేటలో ఉన్నాడు. అక్క అత్తని చెయ్యిపట్టి ఈడ్చుకుంటూ గుట్టెక్కించింది. ఇద్దరూ బతికారు. ఇల్లు పోయింది. బావ రాలేదు, డుంగీ రాలేదు, శవమూ దొరకలేదు.

ఆ రోజుల్లో మా దీవుల్లో ఒక వింత జరుగుతుండేది. పోయాడని ఏడ్చి ఊరుకున్న మనిషి వారాల తర్వాత ఏ నికోబార్ ఓడలోంచో గడ్డం పెంచుకుని దిగేవాడు. అడవిలో కొబ్బరికాయలు తిని బతికామని చెప్పేవాళ్లు. అలా ఒకరిద్దరు దిగడం మా అత్త కళ్లారా చూసింది. ఇక ఆవిడకి పట్టపగ్గాల్లేవు. సర్కారు బావని ముందు కనబడనివాళ్లలో రాసి, తర్వాత పోయినవాళ్లలో కలిపింది. సాయం ఇచ్చింది, అత్తాకోడళ్లకి పోర్ట్‌బ్లెయిర్ చివర రేకుల షెడ్డులో ఒక గది ఇచ్చింది. "ఇచ్చింది పుచ్చుకోండి. నా కొడుకు మాత్రం సచ్చిపోనేదు" అంది అత్త. దినం చెయ్యనివ్వలేదు. అక్క బొట్టు, గాజులు తియ్యనివ్వలేదు. ఒకసారి మా ఆయన "అమ్మా, అన్న పోయాడే" అనబోతే అన్నం కంచం విసిరికొట్టింది. అప్పట్నుంచి మా ఇంట్లో ఆ మాట ఎవరూ పలకలేదు. బావ ఎక్కడికో వెళ్లాడన్నట్టే మాట్లాడుకునేవాళ్లం.

రోజూ పొద్దున్నే అత్త ఫీనిక్స్ బే వెళ్లి కూర్చునేది. ఏ బోటు వచ్చినా దిగేవాళ్ల మొహాలు చూడటమే ఆవిడ పని. ముసలావిడని ఒంటరిగా వదల్లేక అక్క కూడా వెనకాల వెళ్లేది. అత్త ఆకలికి తట్టుకోలేదని డబ్బాలో నాలుగు ఇడ్లీలు పట్టుకెళ్లేది. ఒకరోజు ఒక ఖలాసీ వాసన పట్టి "దీదీ, ముఝే భీ దో" అన్నాడట. మర్నాడు అక్క నాలుగు ఎక్కువ పట్టుకెళ్లింది. ఆ తర్వాత డబ్బా పోయి క్యాను వచ్చింది. ఉద్యోగమో వ్యాపారమో కావాలని ఎవరి కాళ్లూ పట్టుకోకుండా, అత్తని కనిపెట్టుకోడానికి వెళ్లి అన్నం సంపాదించుకున్న మనిషి మా అక్క. ఇది రాస్తుంటేనే నా మెడ కొంచెం పొడుగవుతోంది.

ఇక అసలు సంగతి. సునామీ తర్వాతి ఏడాది అక్కకి నెలసరి మారింది. ముందు రోజులు ఎక్కువయ్యాయి, తర్వాత రక్తం ఎక్కువైంది, ఆ తర్వాత గడ్డలు గడ్డలుగా పడటం మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పినా ఏమయ్యేది? ఆ రేకుల షెడ్లలో అప్పుడు ఏ జబ్బుకైనా ఒకటే పేరు, సునామీ దడ. నిద్ర పట్టకపోతే దడ, జుట్టు రాలితే దడ, కడుపునొప్పయితే దడ. సముద్రం మీదికి రావడం చూసినవాళ్ల ఒంట్లో భయం కూర్చుందని, అది మెల్లిగా దిగిపోతుందని అందరూ నమ్మేవాళ్లు. అక్క కూడా అంతే, భయం రక్తంగా పోతోందనుకుంది. గుడ్డలు ఎవరి కంటా పడకుండా షెడ్ల వెనక వాననీళ్లలో ఉతుక్కునేది. జెట్టీలో కూర్చున్నదల్లా ఘడియకోసారి లేచి "భయ్యా, జరా దేఖ్‌నా" అని కూలీలకి క్యాన్లు అప్పజెప్పి బాత్రూముకి పరిగెత్తేది. వెళ్లొచ్చి కూర్చునేసరికి మళ్లీ వచ్చినట్టుండేది.

ఇంకో ఏడాదికి కడుపు ఎత్తుగా కనబడింది. సన్నటి మనిషి కావడంతో దాచుకోడానికి వీల్లేకపోయింది.

పక్క షెడ్డులో కామమ్మ ఉండేది. ఆవిడ కళ్లు ఎప్పుడూ పక్కవాళ్ల మీదే ఉంటాయి. మొగుడు కనబడకుండా పోయిన మనిషికి కడుపొచ్చిందంటే మామూలు ఊళ్లో అయితే ఒకటే మాట అనుకుంటారు. మా దగ్గర ఇంకో మాట పుట్టింది. నికోబార్ వైపు కాంబెల్ బే నుంచి వచ్చిన ఎవరో అక్కడి జెట్టీలో అసిరయ్యలాంటి మనిషిని చూశానన్నాడట. అంతే, అసిరయ్య బతికే ఉన్నాడు, పోయాడని సర్కారు సాయం తీసుకున్నారు కాబట్టి బయటపడితే జైలని దాక్కున్నాడు, అప్పుడప్పుడూ బోటెక్కి గుట్టుగా పెళ్లాం దగ్గరికి వచ్చిపోతున్నాడు అని షెడ్లన్నీ తీర్మానించేశాయి. ఒక రెండు నోళ్లు మాత్రం అసిరయ్య పేరు తియ్యకుండా ఇంకా నీచంగా మాట్లాడాయి. వాళ్ల పేర్లు నాకు తెలుసు, రాయను.

అందరికన్నా ముందు నమ్మింది మా అత్త. ఆ కడుపు ఆవిడకి కడుపు కాదు, కొడుకు బతికున్నాడనడానికి రుజువు. ఆవిడ మొహం ఎలా వెలిగిపోయిందో చూస్తే మీకూ జాలేసేది. చేపలకూర చేస్తే తోక ముక్కలు తను వేసుకుని నడుం ముక్కలు అక్కకి పెట్టేది. ఆదివారాలు అక్క తలకి నూనె రాసేది. ఇరవై ఏళ్లలో ఎన్నడూ లేని మాట, "తల్లీ" అని పిలిచేది.

అక్క నిజం చెప్పబోయింది. "అత్తా, నువ్వనుకున్నట్టు కాదు, ఆయన రానేదు" అంది. అత్త చప్పున అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "నాకు సెప్పకే గుంటా. నా నోరు ఊరుకోదు, ఎక్కడో జారిపోతాది. ఆడు బాగుంటే సాలు, నానేటీ అడగను." అక్క ఇంకోసారి, మరోసారి చెప్పి చూసింది. ఎంత కాదంటే అంత గుట్టు కాపాడుతోందని అత్త మురిసిపోయేది. ఆఖరికి అక్క చెప్పడం మానేసింది.

కడుపు మాట చూచాయగా చెవిన పడింది గానీ ఇదంతా నాకు తెలియదు. కొట్టు, ఇల్లు, నా గొడవల్లో నేనుండి నెలకోసారి కూడా అటు వెళ్లలేదు. ఒక మధ్యాహ్నం అక్క జెట్టీ నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. మెట్లెక్కడానికి రెండుసార్లు ఆగింది. కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగి, వెళ్లొస్తానని లేచింది. అప్పుడు కుర్చీ చూశాను. కూర్చున్న చోటంతా రక్తమే.

"అక్కా, ఏంటిది? కడుపుతో ఉన్నావని అంటున్నారు కదా?"

"కడుపేటే? మొగుడు నేకుండా కడుపెలగొస్తాది? నువ్వూ అలగే అనుకున్నావేటి?"

"నేనేం అనుకోలేదు, నిన్ను అడుగుతున్నాను. ఎన్నాళ్లనుంచి ఇలా?"

అప్పుడు చెప్పింది మొత్తం. నాకు ఒళ్లు మండిపోయింది. అక్క మీద, అత్త మీద, కామమ్మ మీద, హట్‌బే సముద్రం మీద. "రేపు పొద్దున్నే ఆసుపత్రికి. బస్. ఇంకో మాట వద్దు" అన్నాను.

"ఎల్దాం గానీ, అత్తకేటి సెప్పను?" అంది అక్క. "నిజం తేలిపోతే ఆవిడకి కొడుకు రెండోపాలి పోయినట్టేనే. ఆ నూనె రాసే చేతులు సూసి నా నోరు పెగల్నేదు."

అప్పటికి నాకు అర్థమైంది. ఒంట్లో రక్తమంతా పోతున్నా మా అక్క ఆలోచిస్తున్నది అత్త గురించి. "అయితే చెప్పకుండా వెళ్దాం. తేలాక నేనే ఏదో ఒక అబద్ధం చెబుతాను, కడుపు పోయిందని చెబుతాను" అన్నాను. నాకు తోచిన ఉపాయం అది.

అక్క తల అడ్డంగా ఊపింది. "ఆ అబద్ధం సెబితే ఇంకా ఆడు బతికున్నట్టే కదే. సచ్చేదాకా జెట్టీలో కూకుంటాది. వొద్దు. అత్త కూడా వస్తాది మనతో. తన కళ్లతోనే సూడాల."

మర్నాడు పొద్దున షెడ్డు గుమ్మానికి అడ్డంగా అత్త కూర్చుంది. ఆసుపత్రి మాట విని కదలనంది. "అక్కడ మొగుడి పేరు అడుగుతారే. ఎక్కడున్నాడంటే ఏటి సెబుతావు? పోలీసులకి సెప్పేస్తారు. నా కొడుకుని జైల్లో ఎడతారు. మంత్రసానిలాగ నానే పురుడు పోస్తాను, ఎక్కడికీ ఎల్లొద్దు" అని రెండు చేతులూ చాపి అడ్డం పెట్టింది.

నేను గట్టిగా అరవబోయాను. అక్క నన్ను ఆపి అత్త ముందు కూర్చుంది. "నువ్వూ రా అత్తా. స్కానింగని మిషనుంటాది, లోపలున్నది టీవీలాగ కనిపిస్తాది. బిడ్డుంటే అందరికన్నా ముందు నువ్వే సూద్దువు గాని. నీ కొడుకు పేరు ఎవరికీ సెప్పను." బిడ్డని చూడొచ్చన్న మాటకి ముసలావిడ చేతులు దించింది. అక్క అందులో ఒక్క అబద్ధమూ ఆడలేదు. గమనించండి.

పెద్దాసుపత్రిలో ఆడవాళ్ల డాక్టరమ్మ కేరళావిడ, మాట్లాడేది హిందీ. మెత్తటి మనిషి. అక్కని కూర్చోబెట్టి ఒక్కొక్కటే అడిగింది. నెలసరి ఎన్ని రోజులు? మధ్యలో కూడా కనబడుతోందా? గడ్డలు పడుతున్నాయా? రోజుకి ఎన్ని గుడ్డలు మారుస్తావు? మూత్రానికి మాటిమాటికీ వెళ్లాలనిపిస్తోందా? మలబద్ధకమా? నడుంనొప్పా? పిల్లలున్నారా? అక్క అత్త పక్కనే కూర్చుని ఏదీ దాచకుండా చెప్పింది. అత్తకి హిందీ అంతంత మాత్రమే గానీ "ఖూన్" అంటే రక్తమని తెలుసు. అక్క ఆ మాట అన్న ప్రతిసారీ అత్త తల తిప్పి చూసింది.

"ఇదేటే, కడుపుతో ఉన్నదానికి అంటు రావడవేటి?" అని నన్ను నెమ్మదిగా అడిగింది. "డాక్టరమ్మ చూస్తోంది కదా అత్తా, ఉండు" అన్నాను. నోటికి వచ్చిన మాట మింగడం నాకు అలవాటు లేని పని. ఆ రోజు చేశాను.

డాక్టరమ్మ అక్కని బల్ల మీద పడుకోబెట్టి కడుపు ఒత్తి చూసింది. పొత్తికడుపు నుంచి బొడ్డు దగ్గరదాకా గట్టిగా ఉంది. అటూ ఇటూ కదిపితే మొత్తం ఒక్క ముద్దగా కదిలింది. "తలేనా అమ్మా?" అంది అత్త ఆశగా. డాక్టరమ్మ తలెత్తి నర్సమ్మని పిలిచింది. ఇంత పెద్ద కడుపు చూసి ముందు గర్భమో కాదో తేల్చుకోవాలని మూత్రం పరీక్ష చేయించింది. పుల్ల మీద ఒకటే గీత వచ్చింది. గర్భం కాదంది. అత్త ఒప్పుకోలేదు. "పుల్లకేటి తెలుస్తాది?" అంది. నర్సమ్మ రక్తం తీసుకెళ్లింది. ఒంట్లో ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదని, ఈ మనిషి ఇంకా నడుస్తోందంటే ఆశ్చర్యమని అంది. నేను ఆ నర్సమ్మతో "ఈవిడ నడవడమే కాదు, నిన్న పొద్దున కూడా రెండు క్యాన్లు మోసింది" అని గట్టిగానే అన్నాను. అక్క సిగ్గుపడి నా చెయ్యి గిల్లింది.

తర్వాత తెరచాటున లోపలి పరీక్ష చేసింది. అయ్యాక చేతులు కడుక్కుంటూ, గర్భసంచే పెరిగిందని, అక్కడక్కడా ఎగుడుదిగుడుగా తగులుతోందని, స్కానింగ్ చూస్తే గానీ ఖాయంగా చెప్పలేనని అంది. స్కానింగ్‌కి నీళ్లు కడుపునిండా తాగాలి, మూత్రానికి వెళ్లకూడదు. ఉచ్చసంచి నిండుగా ఉంటేనే దాని వెనకున్న గర్భసంచి సరిగ్గా కనబడుతుందట.

అక్కకి అంతకన్నా పెద్ద శిక్ష ఇంకోటి లేదు. గుటక నీళ్లు తాగితే పరిగెత్తే మనిషి. సీసా తర్వాత సీసా తాగి బెంచీ మీద కూర్చుంది. మా ముందు పెద్ద వరస ఉంది. కొంతమంది ఆపుకోలేక వెళ్లొచ్చి మళ్లీ నీళ్లు తాగి వరస చివరికి వెళ్లారు. అక్క బెంచీ అంచు రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని, పళ్లు బిగించి కూర్చుంది. నుదుటి మీద చెమట కారిపోతోంది. "వెళ్లొచ్చెయ్ అక్కా, ఇంకోసారి తాగుదువు" అన్నాను. "మళ్లీ మొదటికొస్తే అత్త మనసు మారిపోతాదే" అంది. పంతమంటే అలా ఉండాలి.

పేరు పిలిచాక గుమ్మంలో ఉన్న ఆయా, తోడు ఒక్కరే లోపలికి రావాలంది. ముసలావిడకి హిందీలో చెప్పింది ఎవరు విడమర్చి చెబుతారని నేను గొడవపెట్టుకుని మరీ దూరాను. గొడవ పెట్టుకోవడం నాకు బాగా వచ్చు.

లోపల చల్లగా, మసకగా ఉంది. స్కానింగ్ డాక్టరు కుర్రాయనే. అక్క పొట్ట మీద జిగురులాంటిది రాసి మిషను ముక్క ఆనించాడు. తెర మీద నలుపూ తెలుపూ కదిలాయి. అత్త తెర దగ్గరకంటా వెళ్లి కళ్లు చికిలించి చూసింది. "గుండె కొట్టుకుంటందేటి సూడమను" అంది నాతో. నేను హిందీలో చెప్పాను. 

ఆ డాక్టరు చెయ్యి ఆపి మా ముగ్గురినీ చూశాడు. ఏం అర్థమైందో ఏమో, తెరని అత్త వైపు తిప్పి నిదానంగా వేలు పెట్టి చూపించాడు. ఈ నల్లగా ఉన్నది నీళ్లతో నిండిన ఉచ్చసంచి. దాని వెనక ఇది గర్భసంచి. ఇదిగో ఈ గుండ్రటిది దాని గోడలో పెరిగిన గడ్డ, దీన్నే రసౌలీ అంటారు. ఇది పెద్దది, ఇవి చిన్నవి. పెద్దది ఉచ్చసంచిని నొక్కుతోంది, అందుకే మాటిమాటికీ మూత్రం. ఇదిగో లోపలి గది. ఇక్కడ బిడ్డ ఉండాలి. లేదమ్మా, ఖాళీ.

నేను ఒక్కొక్కటే తెలుగులో చెప్పాను. ఆఖరున ఆ ఖాళీ అన్న మాట కూడా చెప్పాను.

అత్త ఆ తెరని చూస్తూనే నిలబడింది. తర్వాత డాక్టరుని అడగలేదు, నన్ను అడగలేదు. వంగి అక్క మొహంలోకి చూసింది.

"ఆడు రానేదా?"

అక్క వెల్లకిలా పడుకుని, ఉచ్చసంచి పగిలిపోతుంటే ఊపిరి బిగబట్టుకుని ఉంది. అయినా కళ్లు తిప్పుకోలేదు. "రానేదత్తా. ఒక్కపాలి కూడా రానేదు."

అత్త తన కొంగు తీసి అక్క పొట్ట మీది జిగురంతా శుభ్రంగా తుడిచింది. చెయ్యి పట్టుకుని లేపి కూర్చోబెట్టింది.

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే అన్నీ విడమర్చి చెప్పింది. ఇలాంటి గడ్డలు చాలామంది ఆడవాళ్లకి ఉంటాయి, దాదాపు అన్నీ క్యాన్సరు కానివే. అయినా నలభై దాటిన మనిషి, ఇంత రక్తం పోతోంది కాబట్టి లోపలి పొర ముక్క కొంచెం తీసి పరీక్షకి పంపుతానంది. రేపు వచ్చి చేరితే ముందు రక్తం ఎక్కించి మనిషిని నిలబెట్టి, ఆ తర్వాత ఆపరేషను చేసి గర్భసంచి తీసేయడం మంచిదంది. అక్క రెండే ప్రశ్నలు అడిగింది. "ఇది సునామీ దడ వల్ల వచ్చిందా?" కాదంది డాక్టరమ్మ. భయంతో గడ్డలు పుట్టవు, ఇవి మెల్లిగా పెరుగుతాయి, సునామీకి ముందునుంచే చిన్నగా ఉండి ఉండొచ్చు, మొదట్లోనే వచ్చి చూపించుకుంటే ఇంత నీరసపడేదానివి కాదు అంది. రెండో ప్రశ్న, క్యాన్లు మళ్లీ ఎప్పుడు ఎత్తొచ్చు అని. ఆపరేషనయ్యాక కొన్ని నెలలు వద్దు, ఇప్పుడైతే బిందె కూడా ఎత్తొద్దు అంది.

ముక్క పరీక్షలో చెడ్డదేమీ రాలేదు. ఆపరేషను బాగానే జరిగింది. ఆ తర్వాత షెడ్లలో ఏ ఆడమనిషి సునామీ దడ అన్నా అక్క వదిలిపెట్టేది కాదు. "ఎన్ని రోజులవుతంది? గడ్డలు పడతన్నాయా?" అని నిలదీసి, కదలనంటే తనే క్యూలో నిలబడి చూపించేది. ఇవన్నీ తర్వాతి సంగతులు. నేను చెప్పాలనుకున్నది స్కానింగ్ అయిన మర్నాడు పొద్దున జరిగింది.

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు బస్సులో అత్త కిటికీ వైపే మొహం తిప్పుకుని కూర్చుంది. ఆవిడని అలా చూసి ఇంటికి వెళ్లలేక నేను వాళ్ల షెడ్డులోనే ఉండిపోయాను. పొద్దున కొళాయి వచ్చే వేళకి ముగ్గురం బిందెలు పట్టుకుని వెళ్లాం. వరసలో ఆడవాళ్లందరూ ఉన్నారు. మమ్మల్ని చూసి మాటలు ఆపేశారు. కామమ్మ తన బిందె కొళాయి కింద సర్దుకుంటూ నవ్వింది.

"ఏటి తాతమ్మత్తా, నిన్న కోడల్ని ఆసుపత్రికి అట్టుకెల్లినారంట. ఎన్నో నెలంట?"

నేను నోరు తెరిచాను. ఆ రోజు నా నోట వచ్చేవాటిని మా ఆయన ఎలా దిద్దేవాడో నాకు తెలీదు. అక్క కూడా ఏదో అనబోయింది. అత్త ఇద్దర్నీ పక్కకి నెట్టి ముందుకి వెళ్లింది.

"నెల్లు కాదు కామమ్మా. గడ్డ. నా కోడలి గరబసంచిలో గడ్డలున్నాయి. మిషనులో నా కళ్లతో నాను సూసినాను. బిడ్డ నేదు."

"అయితే మరి అసిరయ్య..." అంది కామమ్మ, నవ్వు ఇంకా పూర్తిగా పోకుండానే.

"నా కొడుకు..." అని ఆగిపోయింది అత్త.  కొళాయి కింద బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ తియ్యలేదు.  ఆ మాట అన్నందుకు కంచం విసిరిన మనిషి. ఆ మాట అనకుండా ఉండటానికి రోజూ ఎండలో వానలో జెట్టీలో కూర్చున్న మనిషి.

"నా కొడుకు సచ్చిపోనాడు. ఆ ఆదివారవే సచ్చిపోనాడు. మరి రానేదు. ఎవుడూ దొంగతనంగా రానేదు, నా కోడలు ఏ తప్పూ సెయ్యనేదు. ఇంకోపాలి ఎవులైనా నా కోడలి కడుపు గురించి మాటాడితే నాలిక సీరేస్తాను."

కామమ్మ తల దించుకుంది. వెనకనుంచి ఒక పెద్దావిడ, పాపం మంచిదే, అలవాటు కొద్దీ మెల్లిగా అంది. "అయితే తాతమ్మా, మరి ఆ బొట్టూ గాజులూ..."

"అవి ఉంటాయి. ఆడు దీన్ని కట్టుకొచ్చినప్పుడు ఆ గాజులు తొడిగింది నాను. నా బతుకున్నంత కాలం ఎవులూ తియ్యరు."

హట్‌బే గుట్ట ఎక్కినప్పుడు ఏడవలేదు మా అక్క. గడ్డ అన్నప్పుడు ఏడవలేదు, తర్వాత ఆపరేషను బల్ల ఎక్కినప్పుడూ ఏడవలేదు. కొళాయి దగ్గర, అందరి ముందూ, మొహం దాచుకోకుండా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నాకు మాత్రం ఏడుపు కన్నా గర్వం ఎక్కువగా ఉంది, ఆ ఇద్దరి మధ్యా నేను నిలబడి ఉన్నందుకు.

అత్త కామమ్మ బిందెని పక్కకి తీసి మా బిందె పెట్టింది. నిండాక అక్క వంగబోతే చేతి మీద ఒక్కటి వేసింది.

"ఎత్తకు తల్లీ. డాక్టరమ్మ బరువులు వొద్దన్నాది కదా" అని, బిందె తన చంకనెత్తుకుని షెడ్డు వైపు నడిచింది. అక్క ఖాళీ చేతులతో ఆవిడ వెనకాల వెళ్లింది.